శవం పక్కన ఉన్న శిరస్త్రాణం

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. ఫ్రెంచ్ చిత్రకారుడు జాక్ లూయీ దావిద్ 1783లో గీసిన ఆండ్రోమకీ బొమ్మ మీద రాయాలనుకోవడమే నాకు నచ్చింది. కానీ సగానికి పైగా ట్రాయ్ యుద్ధం కథే చెప్పావు. మిగిలిన సగంలో ‘హృదయ విదారకం’ నాలుగు చోట్ల కనిపించింది. ఇంతకీ బొమ్మ ఏదయ్యా?

ముందు కళ్ళకు కనిపించేదేమిటో రాయి. మంచం మీద ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ శవం, తలకు ఆకుల కిరీటం. పక్కన కూర్చున్న అతని భార్య ఆండ్రోమకీ శవాన్నీ చూడదు, ఒళ్ళోకి చేరబోతున్న కొడుకునీ చూడదు, ముఖం పైకెత్తి ఉంటుంది. వాడు చెయ్యి చాచి తల్లి గుండెను తాకుతున్నాడు. కింద కత్తి, శిరస్త్రాణం. ఇవన్నీ రెండు మీటర్ల వెడల్పు, అంతకంటే ఎక్కువ ఎత్తు ఉన్న కాన్వాసు మీద. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దాని ముందు నిలబడితే మనుషులు మన సైజులోనే ఉంటారు. ఫోన్‌లో చూసి రాసేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు.

ఇప్పుడు ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఇలియడ్ తియ్యి. ఆరో సర్గలో యుద్ధానికి వెళ్ళబోతూ హెక్టర్ కొడుకును ఎత్తుకోబోతాడు. శిరస్త్రాణం మీద ఊగే కుచ్చు చూసి పిల్లాడు జడుసుకుని ఏడుస్తాడు. అమ్మానాన్నా నవ్వేస్తారు. హెక్టర్ దాన్ని తీసి నేల మీద పెట్టి కొడుకును ముద్దాడతాడు. బొమ్మలో ఆ శిరస్త్రాణం మళ్ళీ కిందే ఉంది, ఈసారి పిల్లాడికి దాని భయం లేదు. ఇదొక్కటి పట్టుకుంటే నీకు ఒక పేజీ వస్తుంది.

అంతకన్నా గట్టి సంగతి ఇంకొకటి. చివరి సర్గలో ఆండ్రోమకీ భర్త తలను చేతుల్లోకి తీసుకుని ఏడుస్తుంది. చచ్చిపోతూ పక్క మీంచి నాకు చేతులైనా చాచలేదే, రాత్రింబవళ్ళు తలుచుకోవడానికి ఒక్క మాటైనా చెప్పలేదే అంటుంది. దావిద్ బొమ్మలో హెక్టర్ తల ఆమె చేతుల్లో లేదు. ఆమె చెయ్యే అతని వైపు చాచి ఉంది. హెక్టర్ చాచని చేతిని ఆమె చాస్తోందని నాకనిపిస్తుంది. ఒప్పుకోకపోతే వాదించు, కానీ చిత్రకారుడు కావ్యాన్ని వదిలి పక్కకు జరిగిన ఇలాంటి చోటే వెతుకు.

హెక్టర్‌ను చంపిన గ్రీకు వీరుడు అకిలీస్ రథానికి కట్టి ఈడ్చిన ఒంటి మీద గాయాల గుర్తులు పెద్దగా లేవెందుకని అడిగావు. దేహం చెడకుండా దేవతలు కాపాడారని హోమరే చెప్పాడు. ప్రాచీన గ్రీకు, రోమన్ కళను ఆదర్శంగా పెట్టుకున్న నియోక్లాసికల్ చిత్రకారులకూ నెత్తురు ఒలకబోయడం కంటే నిగ్రహమే ఇష్టం. ఒక వాక్యం చాలు.

దావిద్ తండ్రి ద్వంద్వయుద్ధంలో చనిపోయాడనీ, అప్పటికి దావిద్ తొమ్మిదేళ్ళవాడనీ రాశావు. నిజమే. కానీ బొమ్మలోని అనాథ పిల్లాడు దావిదేనని తేల్చేశావు. ఇది ఫ్రాన్స్ రాజ చిత్రకళా అకాడమీ సభ్యత్వం కోసం సమర్పించిన బొమ్మ. అక్కడి పెద్దలకు గ్రీకు విషయం, గంభీరమైన భంగిమ కావాలి. ఆ లెక్క కూడా చూడాలి కదా! ఆ పేరా తీసెయ్, లేదా ‘కావచ్చు’ అని పెట్టు.

ట్రాయ్ కథ నాలుగు వాక్యాలకు కుదించు. మంచం పక్క చెక్కడాల్లో కూడా హెక్టర్ వీడ్కోలు, మరణం ఉన్నాయి, వాటి గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. అవి చూసి రాసి పంపు, టెన్షన్ పడకు, నేను తీరిగ్గానే ఉన్నాను.

ఆశీస్సులతో,
అన్నయ్య