వ్యూహమా, ఎత్తుగడా?

సందేహం: అమెరికా, చైనాల పోటీ గురించి పేపర్లో చదివాను. ఒకే పేరాలో ‘రక్షణ వ్యూహం’ అనీ ‘రక్షణ ఎత్తుగడ’ అనీ రాశారు. రెండూ ఒకటేనా? వ్యూహం అంటే సేనను నిలబెట్టే తీరు కదా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: ఒకటి కావండి. వ్యూహానికి మీరు చెప్పిందే పాత అర్థం. చక్రవ్యూహం, గరుడవ్యూహం అన్నవి సైన్యాన్ని మోహరించే పద్ధతులు. ఇప్పుడా మాట ఏళ్ల తరబడి సాగే ఆలోచనకు పేరైంది. అర్థం పెరిగింది, తప్పేమీ లేదు. ఎత్తుగడలో ఉన్నది చదరంగంలో వేసే ఎత్తు. ‘మనుగడ’లోని ‘గడ’ దానికి చేరింది.

శ్రీకాకుళం పక్క మా ఊళ్లో గుడి అరుగు మీద బొగ్గుతో గీసుకుని పులి–మేక ఆడేవాళ్లం. మూడు పులులు, పదిహేను మేకలు. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దూకి మింగేస్తుంది. అందుకని వెనకాల ఇంకో మేకను పెట్టేవాళ్లం. అది ఎత్తుగడ. పులిని మేకలు చంపలేవు, ఎటూ కదలనీయకుండా కట్టేయగలవు. మొదటి మేకను పెట్టినప్పటి నుంచీ మనసులో ఉండాల్సిన ఆ ఆలోచన వ్యూహం. మధ్యలో ఒకటి రెండు మేకలు పోయినా ఆట పోదు.

1946లో మాస్కో నుంచి అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ పంపిన పొడవాటి టెలిగ్రాంలో ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. సోవియట్ యూనియన్‌తో యుద్ధానికి దిగకుండానే అది విస్తరించకుండా చూడాలన్న విధానం దాన్నుంచే ఎదిగింది. దీని ఇంగ్లీషు పేరు ‘కంటైన్‌మెంట్’కు మన ‘కట్టడి’ చక్కగా అతుకుతుంది. అధ్యక్షులు మారినా 1991లో సోవియట్ యూనియన్ కూలేదాకా ఏదో ఒక రూపంలో నడిచింది కాబట్టి అది వ్యూహమే. ఆ పోటీలో బాంబర్ల (బాంబులు వేసే విమానాల) వెనకా ఎదుటివాళ్ల చేత ఖర్చు పెట్టించే లెక్క ఉండేది. ఇటు అమెరికాలో కొత్త బాంబర్లు తయారైతే, వాటిని ఆపడానికి అటు సోవియట్‌వాళ్లు అంత పొడవు సరిహద్దు వెంట రాడార్లకూ క్షిపణులకూ డబ్బు పొయ్యాలి.

మీ ఊరి చరిత్రే చూడండి. 1758లో విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్లను వెళ్లగొట్టడానికి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. అది ఆయన ఎత్తుగడ. బెంగాల్ నుంచి ఈస్టిండియా కంపెనీ అధికారి క్లైవ్ పంపిన సేనాని ఫోర్డు, పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివాళ్ల మీద గెలిచాడు. క్లైవ్‌కు మాత్రం అది దక్షిణాదిలో ఫ్రెంచివాళ్ల బలం తగ్గించే వ్యూహంలో ఒక భాగం.

ఇక మీరు చదివిన పేరా. చైనా, రష్యాలతో దీర్ఘకాలిక పోటీకే పెద్దపీట వేస్తూ 2018లో అమెరికా ప్రకటించినది రక్షణ వ్యూహం. దక్షిణ చైనా సముద్రంలోకి ఒక యుద్ధనౌకను పంపితే అది ఎత్తుగడ. ఎన్నికల వార్తల వల్ల ఎత్తుగడకు కాస్త జిత్తుల వాసన అంటిందని కొందరు విలేకరులు అన్నిటికీ ‘వ్యూహం’ అనేస్తున్నారు. ఆ వాసన నిజమే. అయినా ‘ఎత్తుగడ’ను వదిలేస్తే, వేసే ఒక్కో అడుగును చెప్పడానికి మనకు మాట మిగలదు.