వాషింగ్టన్ రెఫరెండం 90: సంతకం రద్దు కోసం, ఓటు చట్టం కోసం

స్కూళ్లలో లైంగిక విద్య చట్టాన్ని రద్దు చేయించడానికి అమెరికాలో జనమే పూనుకున్నారట, అక్కడి తెలుగువాళ్లు ఏమనుకున్నారు అని అడిగారు. ఇది 2020లో వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగింది. మేం అప్పుడు అక్కడి బాథెల్ ఊళ్లో ఉన్నాం, మా పాప ఫోర్త్ గ్రేడ్.

ఆ మార్చిలో గవర్నర్ జే ఇన్‌స్లీ సంతకం చేసిన చట్టంతో ప్రభుత్వ స్కూళ్లన్నీ లైంగిక ఆరోగ్య విద్య చెప్పి తీరాలి. అంతకుముందు అది స్కూల్ డిస్ట్రిక్టుల (స్థానికంగా స్కూళ్లను నడిపే సంస్థల) ఇష్టం. శాసనసభ చేసిన చట్టం నచ్చకపోతే గడువులోగా సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ఓటుకు పెట్టించే హక్కు అక్కడ ఉంది. దాన్నే రెఫరెండం అంటారు. 1,29,811 సంతకాలు కావాలి. కోవిడ్ రోజుల్లో చర్చిల పార్కింగ్ స్థలాల్లో నిలబడి మరీ 2,64,000కు పైగా సేకరించారు. చట్టం అమలు ఆగింది.

వాటిలో నా సంతకమూ ఉంది. "కిండర్‌గార్టెన్ పిల్లలకు ఇవి చూపిస్తారు" అంటూ వాట్సాప్‌లో ఏవో పుస్తకం పేజీలు వచ్చాయి. చూసి కాళ్లూ చేతులూ ఆడలేదు, వెళ్లి పెట్టేశాను. సిటిజన్‌షిప్ లేని స్నేహితురాళ్లు మా అందరి తరఫునా పెట్టినట్టే అన్నారు.

బ్యాలెట్ పోస్టులో ఇంటికొచ్చాక గానీ చట్టం చదవలేదు. థర్డ్ గ్రేడ్ దాకా అందులో ఉన్నది భావోద్వేగాలను అర్థం చేసుకోవడం, తోటివాళ్లతో మెలగడం, అంతే. ఆ తర్వాత లైంగిక ఆరోగ్య పాఠాలు ఫిఫ్త్ గ్రేడ్ లోపు ఒకసారి, మిడిల్ స్కూల్లో రెండుసార్లు, హైస్కూల్లో రెండుసార్లు. ఏ పాఠాలు చెప్పాలో డిస్ట్రిక్టు ఎంచుకుంటుంది. వద్దనుకుంటే మన పిల్లల్ని ఆ క్లాసుకు పంపక్కర్లేదు. ఎదుటివాళ్ల ఇష్టం అడిగి తెలుసుకోవడం గురించి కూడా చెప్పాలని ఉంది. అక్కడ ఆగిపోయాను. తెనాలిలో మా సైన్స్ మాస్టారు ప్రత్యుత్పత్తి పాఠం "ఇంట్లో చదువుకోండి" అని దాటేశారు. పన్నెండేళ్లప్పుడు బస్సులో ఒకడు చేసిన పనిని ఏ మాటల్లో చెప్పాలో తెలియక, ఇరవై ఏళ్ల తర్వాత మా అక్కకు చెప్పుకున్నాను. మా పాపకు ఆ మాటలు ముందే తెలిసి ఉండాలి. చట్టానికే ఓటేశాను.

బ్యాలెట్‌లో "అప్రూవ్" అంటే చట్టం ఉండాలని, "రిజెక్ట్" అంటే పోవాలని. మా పక్కింటావిడ చట్టం పోవాలనుకున్నారు. రెఫరెండం గెలవాలంటే అప్రూవే కదా అనుకుని అదే నింపి పోస్టు చేసేశారు. తెలిశాక ఎంత బాధపడ్డారో! అభిప్రాయం వేరైనా ఆవిడ ఓటు అలా పోవడం నాకూ కష్టంగానే అనిపించింది. నవంబరులో దాదాపు 58 శాతం చట్టం వైపే నిలిచారు.

సంతకం పెట్టినందుకు నాకు విచారం లేదు. ఓటింగే జరగకపోతే ఆ చట్టాన్ని నేను చదివేదాన్నే కాదు. నా కోపమంతా చట్టంలో లేనివి చూపించి తల్లుల్ని హడలగొట్టినవాళ్ల మీదే.

మరుసటి ఏడాది స్కూలు నుంచి నోటీసు వచ్చింది. నేనూ పక్కింటావిడా పక్కపక్కన కూర్చుని పాఠాలన్నీ చూశాం. ఆవిడ బాబును పంపలేదు. నేను పాపను పంపాను.