నూనె మానేశారు సరే, అన్నం సంగతేంటి?

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచీ చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మావారికి 46 ఏళ్లు, బరువు 84 కిలోలు. అంబత్తూరు ఎస్టేట్‌లో గోడౌన్ సూపర్‌వైజరు. ఆరేళ్లుగా షుగరుంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. మొన్న కంపెనీ చెకప్‌లో స్కాన్ తీసి ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అన్నారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 8.1, మొత్తం కొలెస్ట్రాల్ 188, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 96, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 290 వచ్చాయి. లివర్ ఎంజైములు ఎస్‌జీవోటీ 48, ఎస్‌జీపీటీ 72, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. డాక్టరుగారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, అటోర్వాస్టాటిన్ రాశారు. లివర్ పాడవుతుందని మా మరిది వద్దన్నాడు. ఎల్‌డీఎల్ నార్మలే కదా అని ఈయనా వేసుకోలేదు. నేను మాత్రం నూనె, నెయ్యి, గుడ్డులో పచ్చసొన పూర్తిగా మానిపించాను. పొద్దున ఆరు ఇడ్లీలు, మధ్యాహ్నం క్యారియర్‌లో సాంబారన్నం, రసమన్నం, పెరుగన్నం, సాయంత్రం టీ బదులు మోసంబి జ్యూసు ఇస్తున్నాను. శనివారం కాస్త మందు అలవాటుంది, ఎక్కువేం కాదు. మూడు నెలలయ్యాక చూస్తే ట్రైగ్లిజరైడ్స్ 310! ఇంకేం మానిపించాలి?
– ఓ పాఠకురాలు, పెరంబూరు

జవాబు: మీరు మానిపించినవాటి జాబితా బాగానే ఉందమ్మా. దాని కింద రాసిన మెనూ మళ్లీ ఒకసారి చదవండి. ఇడ్లీలో బియ్యం, సాంబారన్నంలో బియ్యం, రసమన్నంలో బియ్యం, పెరుగన్నంలోనూ బియ్యమే. సాయంత్రం మళ్లీ పంచదార లాంటి రసం. నూనె ఖాళీ చేసిన చోటులోకి అన్నం వచ్చి కూర్చుంది. ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. దేశమంతా తిరిగి చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వేలో మనవాళ్లు తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని 2025లో తేలింది.

పరగడుపున తీసిన రక్తంలో కనిపించే ట్రైగ్లిజరైడ్స్‌లో ఎక్కువ భాగం రాత్రి తిన్న నూనె కాదు, లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలిన కొవ్వు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేస్తే పొట్ట దగ్గరి కొవ్వు పొట్టలోనే ఆగుతుంది. మీవారిలాంటి షుగరు మనిషిలో ఇన్సులిన్ ఆజ్ఞ చెల్లదు. కొవ్వు కరిగి రోజంతా లివర్‌కు చేరుతూనే ఉంటుంది. పైనుంచి అన్నం, జ్యూసుల్లోని చక్కెర మిగిలితే లివర్ దాన్నీ కొవ్వుగా మారుస్తుంది. మీవారికి గోడౌన్ లెక్కతో చెబితే తేలిగ్గా ఎక్కుతుంది: వచ్చే సరుకు ఆగదు, సగం లోపలే పేరుస్తారు, మిగతాది లారీలకెక్కించి పంపేస్తారు. లోపల పేరింది స్కాన్‌లో ఫ్యాటీ లివర్‌గా కనిపించింది. లారీల్లో వెళ్లింది రిపోర్టులో 310గా కనిపించింది. రెండు జబ్బులొచ్చాయని కంగారు పడకండి, ఇది ఒకటే వ్యవహారం.

అమెరికాలో 2005లో కొద్దిమంది ఫ్యాటీ లివర్ రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. వాళ్ల లివర్‌లోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో జాడ తీశారు. 59 శాతం ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చింది. 26 శాతం లివర్ సొంతంగా చక్కెరల నుంచి తయారుచేసుకుంది. తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. కాబట్టి పచ్చసొన ఇచ్చేయండి, రోజుకొక గుడ్డు పూర్తిగా తిననివ్వండి. పోపుకి వేరుశెనగ నూనో నువ్వుల నూనో మూడు నాలుగు చెంచాలు వాడుకోండి. అలాగని వీధి చివర బజ్జీలకు అనుమతి ఇచ్చినట్టు కాదు.

ఇక ఎల్‌డీఎల్ 96. మీవారిని ధీమాగా ఉంచిన అంకె ఇదే, నాకు నచ్చని అంకే ఇదే. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్క కడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతునూ తీసేస్తారు. మీరే వేసి చూడండి: 188లోంచి 34, 58 పోతే 96. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ లెక్క అసలు కంటే తక్కువ చూపిస్తుంది, 400 దాటితే పనికే రాదు. పైగా షుగరున్నవాళ్లలో ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, చిక్కగా ఉంటాయి. ఒక్కో రేణువులో కొలెస్ట్రాల్ తక్కువ కాబట్టి అంకె మామూలుగానే వస్తుంది, రేణువుల సంఖ్య మాత్రం ఎక్కువ. రక్తనాళపు గోడలో దూరేది రేణువే. అందుకే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేసి చూడమంటాను. మీవారికది 154. షుగరున్నవాళ్లకు 130 లోపు ఉండాలి, ముప్పు ఎక్కువైతే 100 లోపు. ఇప్పుడు చెప్పండి, నార్మలేనా?

హెచ్‌డీఎల్ 34 గురించి మాత్రం టెన్షన్ పడకండి. తమిళనాడుతో కలిపి నాలుగు చోట్ల చేసి 2014లో ప్రచురించిన సర్వేలో 72 శాతం మందికి అది తక్కువే. దాన్ని పెంచే మాత్రలతో గుండెపోట్లు తగ్గలేదు. బరువు తగ్గి, ట్రైగ్లిజరైడ్స్ దిగితే అదే కాస్త పైకొస్తుంది.

మీ మరిదిగారి భయానికి వస్తాను. లివర్ ఎంజైములు మామూలు గరిష్ఠానికి మూడింతల లోపు ఉంటే స్టాటిన్ ఆపాల్సిన పనిలేదు. గరిష్ఠం 40 అనుకుంటే మూడింతలు 120. మీవారి ఎస్‌జీపీటీ 72. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల ప్రాణం ఎక్కువగా తీసేది లివర్ కాదు, గుండెజబ్బు. ఎల్‌డీఎల్ పెద్దగా లేని షుగరు రోగులు 2,838 మంది మీద అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు ప్రయోగించి చూసిన ‘కార్డ్స్’ అనే పరిశోధన ఫలితాలు 2004లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి. స్టాటిన్‌తో షుగరు కొంచెం పెరగొచ్చు, కొందరికి కండరాల నొప్పులొస్తాయి. అలాంటివి ఉంటే రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడండి, మరిదితో కాదు.

ఫ్యాటీ లివర్ ‘గ్రేడ్ 2’ అన్న మాట చాలా ఇళ్లలో నిద్ర పోగొడుతోంది. అది కొవ్వెంతుందో చెబుతుంది, లివర్ గట్టిపడిందో లేదో చెప్పదు. గట్టిపడటాన్ని అంచనా వేయడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసును ఎస్‌జీవోటీతో హెచ్చించి, ప్లేట్‌లెట్లు ఇంటూ ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగిస్తారు. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి, అంటే 210. మీరు పంపిన అంకెలకు దాదాపు 1.24 వస్తోంది. 1.3 లోపు ఉంటే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. మీవారిది అంచుకి దగ్గరగా ఉంది కాబట్టి ఏడాదికోసారి మళ్లీ లెక్క వేయించండి. దాటితే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి.

ఏం చేయాలంటే, జ్యూసు ఈ రోజే ఆపండి. జామకాయ నమిలి తినమనండి. ఇడ్లీలు మూడు చాలు, పక్కన ఆ గుడ్డు. క్యారియర్‌లో మూడు రకాల అన్నాలు అక్కర్లేదు. ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర, పప్పు, గట్టి పెరుగు. సాయంత్రానికి శనగల సుండల్ కట్టివ్వండి, చెన్నైలో ఉన్నందుకు ఆ సుఖమైనా ఉండాలి. చేపలు తినేవాళ్లయితే కాసిమేడులో వంజరం ధర చూసి వెనక్కి రాకండి, మత్తి (సార్డీన్) చవకగా దొరుకుతుంది, ఒమేగా-3 దండిగా ఉంటుంది. పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. బరువు ఆరు కిలోలు తగ్గితే, అంటే ఏడు శాతం, లివర్‌లో కొవ్వూ వాపూ తగ్గుతాయి. ఎనిమిదిన్నర కిలోలు తగ్గితే ఇంకా మంచిది.

‘కాస్త మందు, ఎక్కువేం కాదు’ అని మీరు రాసింది ఎవరి కొలతో నాకు తెలియదు. మా దగ్గరికొచ్చే మగవాళ్లంతా అదే అంటారు, పక్కన కూర్చున్న భార్యలు పైకప్పు చూస్తారు. మద్యం లివర్ చేసే కొవ్వును పెంచుతుంది. ఈయనకున్న పరిస్థితిలో సున్నా అనే అంకె మంచిది. థైరాయిడ్ పరీక్ష చేయించకపోతే చేయించండి, అది తగ్గినా కొవ్వులు పెరుగుతాయి. హెచ్‌బీఏ1సీ 8.1 ఉన్నంతకాలం ట్రైగ్లిజరైడ్స్ దిగమన్నా దిగవు, మెట్‌ఫార్మిన్‌కి తోడు ఇంకో మందు కావాలేమో అడగండి. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే కథ వేరు, పాంక్రియాస్ వాచే ప్రమాదం మొదలవుతుంది. అప్పుడు ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫెనోఫైబ్రేట్ లాంటి మందులు ముందుకొస్తాయి.

ప్రశ్న: నా బరువు 54 కిలోలే. అయినా స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. రిపోర్టు తప్పా?
– ఐటీ ఉద్యోగిని, వేళచ్చేరి

జవాబు: తప్పు కాకపోవచ్చు. తూకం మిషన్ వదిలేసి టేపు తీసుకోండి. మన ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే కొవ్వు చేరకూడని చోట చేరుతున్నట్టే. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలన్నీ చేయించండి. లివర్ టానిక్కులు కొనకండి.

ప్రశ్న: కొలెస్ట్రాల్ పరీక్షకు పన్నెండు గంటలు పస్తుండాలా? మా అమ్మ ఇన్సులిన్ వాడుతుంది, ఉండలేదు.
– తాంబరం పాఠకుడు

జవాబు: మామూలుగా అక్కర్లేదు. తిన్నాక ట్రైగ్లిజరైడ్స్ కొంచెం ఎక్కువ చూపిస్తాయి, మిగతావి పెద్దగా మారవు. 400 దాటితేనే పరగడుపున మళ్లీ చేయిస్తాం. అప్పుడైనా పొద్దున్నే మొదటి నంబరు తీసుకోండి. ముందురోజు రాత్రీ ఆ పొద్దునా ఇన్సులిన్ ఎంత వేయాలో ముందే అడిగి పెట్టుకోండి, సంచిలో ఓ గ్లూకోజ్ ప్యాకెట్ ఉండనివ్వండి.