హిమోగ్లోబిన్ కోసం కిస్మిస్ సరే, మోషన్ నల్లగా ఎందుకవుతోంది?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, పెరంబూరులో ఉంటాం. నాలుగు నెలల కిందట హిమోగ్లోబిన్ 10.1 ఉంది. మందుల జోలికి పోకుండా రోజూ పరగడుపున నానబెట్టిన కిస్మిస్ 20, ఖర్జూరాలు 4, అంజీరు 2 తింటున్నాను. పోయిన వారం చూపిస్తే 8.6కి దిగింది. మోషన్ కాస్త నల్లగా అవుతోంది, కిస్మిస్ వల్లేనేమో. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడూ మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటాను. ఆయుర్వేదం ప్రకారం ఇవి ఎప్పుడు, ఎన్ని తినాలి? బాదం పొట్టు తీయాలా? – ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: బాదం పొట్టు సంగతి తర్వాత. కిస్మిస్ తింటే మోషన్ నల్లబడదు. ఐరన్ మాత్రలతో ముదురు రంగు వస్తుంది గానీ మీరు అవి వేసుకోవడం లేదు. మోషన్ తారులా జిగటగా కమోడ్‌కి అంటుకుని, రెండు మూడుసార్లు నీళ్లు కొట్టినా వదలకుండా, ఘాటుగా పాడు వాసన వస్తుంటే పొట్టలోనో చిన్నపేగు మొదట్లోనో రక్తం కారుతోందని అనుమానించాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పొట్టలో పుండు చేస్తాయి. చాలామందికి నొప్పి కూడా తెలియదు. ఆ మాత్ర ఈరోజే ఆపండి. గుండెకి ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుని అడగండి.

లెక్క చూడండి. మీరు తినే మొత్తంలో ఇనుము ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఒంటికి పట్టేది అందులో పదో వంతు. మీ రక్తం ఒక్క మిల్లీలీటరులో దాదాపు 0.3 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే రోజంతా తిన్నది అర మిల్లీలీటరు రక్తానికి కూడా సరిపోదు. రోజూ ఒక చెంచాడు కారుతున్నా మీకు లోటే. నాలుగు నెలలు ఆగడం నాకు నచ్చలేదు. 10.1 ఉన్నప్పుడే కారణం వెతకాల్సింది.

ఆయుర్వేదం కూడా పాండురోగానికి, అంటే రక్తహీనతకి, పండ్లు తిని ఊరుకోమనలేదు. ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు లోహం (ఇనుము), మండూరం (ఇనుప చిట్టెం భస్మం) వాడమన్నాడు. అన్నిటికన్నా ముందు నిదాన పరివర్జనం, అంటే కారణాన్ని తీసేయడం. అలాగని పునర్నవా మండూరం అనే ఆయుర్వేద మందు కొని మొదలుపెట్టకండి. రక్తం కారే చోటు తెలియకుండా ఇనుము ఏ రూపంలో పోసినా చిల్లుకుండలో నీళ్లే.

ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టరుని కలవండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), ఎండోస్కోపీ అడుగుతారు. మీ వయసు మగవాళ్లలో హిమోగ్లోబిన్ ఇలా దిగితే కొలనోస్కోపీ (పెద్దపేగుని కెమెరాతో చూడడం) కూడా చేస్తారు. పెద్దపేగు కుడివైపు గడ్డ చాలాకాలం రక్తహీనతగానే బయటపడుతుంది. మీకు ఉందని కాదు, లేదని తేల్చుకోవాలి. ఖర్చుకి వెనకాడితే సెంట్రల్ స్టేషన్ ఎదుట రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. ఈలోగా కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, గుండె దడదడలాడినా, రక్తం కక్కినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. గ్యాస్ మాత్ర వేసుకుని పొద్దున చూద్దామనుకోవద్దు.

ఇక మీరడిగింది. కిస్మిస్, ఖర్జూరం శీతం, అంటే చలవ. బాదం ఉష్ణం (వేడి), స్నిగ్ధం (జిడ్డు), గురువు (అరగడానికి బరువు), వాతాన్ని తగ్గిస్తుంది. గురు పదార్థాలు సగం తృప్తి దాకానే తినమని శాస్త్రం. బాదం ఐదారు చాలు, ఎనిమిది గంటలు నానబెట్టి పొట్టు తీయండి. పొట్టులో వగరు ఉంటుంది, మందాగ్నికి, అంటే అరుగుదల తక్కువున్నవాళ్లకి, అది బరువు. కిస్మిస్ నానిన నీళ్లతోనే పిసికి తాగండి. ఆకలి వేసినప్పుడే తినండి, భోజనం మీద కాదు. ఫిల్టర్ కాఫీకి గంట ఎడం ఉంచండి, ఇనుము పట్టనివ్వదు. షుగర్ చూపించుకోకుండా ఖర్జూరాలు నాలుగు దాటకూడదు, షుగర్ ఉంటే అసలు డాక్టరునడిగాకే తినండి. చెన్నై ఉక్కకి డ్రైఫ్రూట్లు బూజు పడతాయి. షావుకారుపేటలో కిలోలు కొనుక్కోకుండా పావుకిలో తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కిన వాసన వస్తే కడిగి తినొద్దు, పారేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు హిమోగ్లోబిన్ రిపోర్టులూ, నొప్పి మాత్ర ఖాళీ స్ట్రిప్పూ తీసుకెళ్లండి. మాత్ర ఎన్నాళ్లుగా, వారానికి ఎన్ని వేసుకుంటున్నారో రాసి పెట్టుకోండి. అది అడగకపోయినా చెప్పండి.