అమెరికాలో చదివే మా తమ్ముడికి వచ్చిన స్కాలర్‌షిప్‌ను టాక్స్ రిటర్న్‌లో చూపించాలా?

మీ తమ్ముడు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువుతున్నాడు. స్కాలర్‌షిప్‌లో ఫీజు పోను మిగిలింది అకౌంట్లో పడుతోంది. డబ్ల్యూ-2 (జీతం లెక్క చూపే ఫారం) రాలేదు కాబట్టి ఏమీ చూపించక్కర్లేదని రూమ్మేట్లు అన్నారట, నిజమేనా అని అడిగారు. నిజం కాదండీ. ట్యూషన్‌కీ, తప్పనిసరి ఫీజులకీ, కోర్సులో అందరూ కొనాల్సిందేనన్న పుస్తకాలకీ పోయిన డబ్బు మీద టాక్స్ లేదు. అద్దెకీ, తిండికీ, ఇండియా టికెట్టుకీ వాడుకున్నదాని మీద ఉంది. స్కాలర్‌షిప్, ఫెలోషిప్, గ్రాంట్ అని ఏ పేరు పెట్టి ఇచ్చినా ఇంతే.

మనవాళ్లలో ఈ పుకారు ఎందుకు చావదో నాకు తెలుసు. ఇండియాలో చదువు కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్‌కి ఆదాయపు పన్ను నుంచి పూర్తి మినహాయింపు (1961 చట్టంలో అది సెక్షన్ 10(16)). హాస్టల్, మెస్ బిల్లు అని ఎవడూ విడదీసి అడగలేదు. ఆ అలవాటుతోనే విమానం ఎక్కేస్తాం. దిగాక చేర్చుకునే వాట్సాప్ గ్రూపులో మొదటి ఏడాది వాడికి రెండో ఏడాది వాడు టాక్స్ గురువు.

2025 మార్చిలో ఒక శనివారం రాత్రి మా జూనియర్ ఒకడు, ఖమ్మం అబ్బాయి, కాగితాలన్నీ తెచ్చి మా వంటింటి బల్ల మీద పరిచాడు. అంతకుముందు వాడు కూడా 8843 ఒక్కటి (విద్యార్థిగా ఉన్నానని తెలిపే ఫారం) పంపేసి ఊరుకుందామనుకున్నవాడే. అసలు అమెరికాలో ఏ ఆదాయమూ లేనివాడికైతే అది సరిపోతుంది. వీడికి 1042-ఎస్ అనే ఫారం వచ్చి కూర్చుంది, ఆదాయం కోడ్ 16, అంటే స్కాలర్‌షిప్ అని.

"అన్నా, ఈ 2,520 డాలర్లు ఏంటి? యూనివర్సిటీ వాళ్లు ఏదో ఫీజు పట్టుకున్నారనుకున్నా."

"ఫీజు కాదురా బాబూ, నీ టాక్స్. 14 శాతం ముందే కోసి కట్టేశారు."

వాడి లెక్క చెప్తాను, మీ తమ్ముడిదీ దాదాపు ఇలాగే ఉంటుంది. మొత్తం స్కాలర్‌షిప్ 38,000 డాలర్లు. ట్యూషన్, ఫీజులు 20,000. మిగిలిన 18,000 వాడి చేతికి వచ్చింది, 1042-ఎస్‌లో చూపించింది కూడా అదే, ఎందుకంటే వాడు ఏ పుస్తకాలు కొన్నాడో యూనివర్సిటీకి తెలీదు. పుస్తకాల రసీదులు తీయమంటే ఫోన్లో ఆర్డర్ల లిస్టు తెరిచాడు. అందులో లాప్‌టాప్ ఉంది, టేబుల్ లాంప్ ఉంది, చక్రాలున్న ఆఫీసు కుర్చీ కూడా ఉంది. "కూర్చోకుండా ఎలా చదువుతామన్నా?" అని వాదన. సిలబస్ కాగితాలు తీయించి చూశాం. లాప్‌టాప్ తప్పనిసరి అని ఏ ప్రొఫెసరూ రాయలేదు, కుర్చీ సంగతి సరేసరి. చివరికి నిలబడ్డవి 600 డాలర్ల పుస్తకాలు. అంటే టాక్స్ పడే స్కాలర్‌షిప్ 17,400.

ఆ అంకెను 1040-ఎన్ఆర్ అనే నాన్‌రెసిడెంట్ల రిటర్న్‌తో పాటు పెట్టే షెడ్యూల్ 1లో 8ఆర్ అనే వరసలో రాయాలి. డబ్ల్యూ-2లో రాని స్కాలర్‌షిప్పుల కోసమే ఆ వరస ఉంది. వాడికి ముచ్చెమటలు పట్టింది అక్కడే, 17,400 మీద ఎంత కట్టాలోనని. అప్పుడు చెప్పాను ఒప్పందం సంగతి. మామూలుగా నాన్‌రెసిడెంట్లకి, అంటే టాక్స్ లెక్కలో అమెరికా నివాసులు కానివాళ్లకి, స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి నేరుగా తీసేసే మొత్తం) ఇవ్వరు. ఇండియా నుంచి వెళ్లిన విద్యార్థులకి మాత్రం 1989 నాటి ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలోని ఆర్టికల్ 21(2) వల్ల అది దొరుకుతుంది. 2024 సంవత్సరానికి అది 14,600 డాలర్లు. 17,400లోంచి తీసేస్తే మిగిలేది 2,800. టేబుల్ ప్రకారం దాని మీద టాక్స్ 281. ముందే పట్టుకున్నది 2,520. వెనక్కి రావాల్సింది 2,239 డాలర్లు! రూమ్మేట్ల మాట విని ఊరుకుని ఉంటే ఆ డబ్బు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయేది. స్కాలర్‌షిప్ చూపిస్తే నష్టమనుకునే వాళ్లలో సగం మంది ఇలా సొంత డబ్బే వదులుకుంటున్నారని నా గట్టి నమ్మకం.

ఇంకో రకం మనుషులుంటారు, రీఫండ్ ఎక్కువ తెప్పిస్తామని ఫిబ్రవరి నుంచే ఫోన్లు చేసేవాళ్లు. ఫ్రెండ్‌ని తెస్తే పది డాలర్లు తగ్గింపట. వీళ్లు చేసే ఘనకార్యం ఏంటంటే, నాన్‌రెసిడెంట్ పిల్లాడికి రెసిడెంట్లు వేసే మామూలు 1040 నింపేసి, చదువు క్రెడిట్ (చదువు ఖర్చుకి టాక్స్‌లో ఇచ్చే తగ్గింపు) కూడా క్లెయిమ్ చేసేస్తారు. ఆ క్రెడిట్ నాన్‌రెసిడెంట్‌కి వర్తించదు. రీఫండ్ వచ్చినప్పుడు పార్టీ చేసుకుంటారు, తర్వాత నోటీసు వస్తే వడ్డీతో కట్టాల్సింది మాత్రం పిల్లాడే. సంతకం వాడిది కదా. పేరున్న సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు 1040-ఎన్ఆర్ చెయ్యవు, నాన్‌రెసిడెంట్ల కోసమే చేసినవి వేరే ఉన్నాయి. చాలా యూనివర్సిటీలు వాటి కోడ్ ఉచితంగా ఇస్తాయి. మెయిల్ చదివితే కదా తెలిసేది!

పీహెచ్‌డీ వాళ్లకి అసలు టెన్షన్ ఆరో ఏడాది మొదలవుతుంది. ఎఫ్-1 విద్యార్థిని ఐదు క్యాలెండర్ సంవత్సరాలే నాన్‌రెసిడెంట్‌గా చూస్తారు, ఆగస్టులో దిగినా ఆ ఏడాది మొత్తం ఒకటిగా లెక్క. 2020 ఆగస్టులో వెళ్లినవాడు 2025కి రెసిడెంట్ అయిపోతాడు. అప్పటినుంచి ఫెలోషిప్ మీద ఎవరూ ముందుగా పట్టుకోరు. మూడు నెలలకోసారి మనమే అంచనా వేసి కట్టుకోవాలి. మనవాళ్లేమో స్టైపెండ్ పెరిగిందనుకుని కారు కొనేస్తారు.

మీ తమ్ముడు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని కూడా చేస్తుంటే ఆ డబ్బు జీతం కింద డబ్ల్యూ-2లో వస్తుంది, దాన్ని 8ఆర్‌లో కలపొద్దు. జీతం లేకుండా స్కాలర్‌షిప్ ఒక్కటే ఉంటే గడువు జూన్ 15. రాష్ట్రం రిటర్న్ వేరు. టెక్సాస్‌లో ఆ గొడవే లేదు, కాలిఫోర్నియా అయితే ఈ ఒప్పందాన్ని పట్టించుకోదు.

ఒకటి మర్చిపోయేవాణ్ణి. ఉద్యోగం లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వరు కాబట్టి డబ్ల్యూ-7 అనే దరఖాస్తు నింపి రిటర్న్‌కి జతచేసి ఐటిన్ అనే టాక్స్ నంబర్ తెచ్చుకోవాలి. దానికోసం ఒరిజినల్ పాస్‌పోర్ట్ పోస్టులో పంపించెయ్యొద్దని చెప్పండి. కొన్ని యూనివర్సిటీల్లోనే దాన్ని సర్టిఫై చేసిపెట్టేవాళ్లు ఉంటారు, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగమనండి.