దాతల సొమ్ముతో ప్రజారోగ్యం చదవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయానికి సంబంధించినవి. ప్రజారోగ్యంలో పై చదువుకు, అంటే ఎంపీహెచ్‌కు, దాతలు ఇచ్చే ఆర్థిక సహాయం గురించి ఒకరు అడగబోతున్నారు, ఒకరు తొందరపడుతున్నారు, ఒకరు ఇవ్వబోతున్నారు. అందుకే మూడింటినీ ఒకచోట చేర్చి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నేను బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, నాలుగేళ్లుగా ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని గుణుపురం దగ్గర ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పనిలో సవర మాట్లాడుతూ వచ్చాను. ఇంగ్లీషు మాత్రం పుస్తకాలలో చదివినంతే. వానాకాలంలో మలేరియా పరీక్షలకు ఊళ్లు తిరుగుతాను. దోమతెరలు ఇచ్చినా, పంట కాపలాకు కొండమీద గుడిసెల్లో పడుకునేవారు వాటిని వెంట తీసుకువెళ్లరు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. నాకు ఎంపీహెచ్ చదవాలని ఉంది. నాన్నగారు చిన్న రైతు. దాతల స్కాలర్‌షిప్పులు నావంటి వారికి ఇస్తారా? దరఖాస్తులో ఏమి రాయాలి? ఒకసారి తీసుకుంటే జీవితాంతం వారికి బాకీ పడినట్లేనా? (ఒక నర్సు, గుణుపురం)

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ భయం వల్లే మన ప్రాంతంలో చాలామంది దరఖాస్తు దాకా కూడా వెళ్లరు. స్కాలర్‌షిప్ అనే ఒక్క పేరు కింద మూడు రకాల సొమ్ము ఉంటుంది. మొదటిది పూర్తిగా దానం, తిరిగి ఇవ్వనక్కరలేదు. రెండవది స్కాలర్‌షిప్ అనే పేరున్నా నిజానికి అప్పు. జంషెడ్జీ టాటా 1892లో నెలకొల్పిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది ఇటువంటి రుణ స్కాలర్‌షిప్పే, చదువు ముగిశాక వాయిదాలలో తిరిగి కట్టాలి. మూడవదానిలో డబ్బు తిరిగి ఇవ్వనక్కరలేదు కానీ మనిషి తిరిగి రావాలి. బ్రిటిష్ ప్రభుత్వపు చెవెనింగ్, అమెరికాతో మన దేశం కలిసి నడిపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ, రెండూ దాతల నిధుల కన్నా ప్రభుత్వ సొమ్ముతోనే ఎక్కువగా నడిచేవైనా, ఈ కోవకే చెందుతాయి: చదువు అయ్యాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది వాటి షరతు. తిరిగి గుణుపురానికే రావాలనుకునే మీవంటి వారికి ఆ షరతు బరువు కాదు. సంతకం పెట్టే ముందు మీ చేతిలోని కాగితం ఈ మూడింటిలో దేనికి చెందినదో తేల్చుకుంటే, బాకీ అనే మాటకు మీకే సమాధానం దొరుకుతుంది.

ఇంకొక సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ప్రజారోగ్యమనే చదువే దాతల డబ్బు మీద నిలబడింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రజారోగ్య పాఠశాల 1916లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ నిధులతో ఏర్పడింది. 1932లో కలకత్తాలో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ స్థాపనకూ అదే ఫౌండేషన్ సాయపడింది. నేను చదివింది అక్కడే. దీనికి కారణం కూడా స్పష్టమైనదే. వైద్యుడి దగ్గరకు రోగి వస్తాడు, ఫీజు ఇస్తాడు. బ్యాంకు కూడా ఆ రాబడిని చూసే విద్యారుణం ఇస్తుంది. ప్రజారోగ్యం చదివినవారు చేసే పని వల్ల ఒక ఊరిలో జ్వరాలు తగ్గితే, తగ్గిన జ్వరానికి ఫీజు కట్టేవారు ఎవరూ ఉండరు. మేలు ఊరందరిదీ, అప్పు ఒక్కరిదీ కావడం న్యాయం కాదు. అందుచేత దాత సొమ్ము తీసుకోవడానికి మీరు సంకోచించవలసిన పని లేదు.

ఇక దరఖాస్తు. కొన్నేళ్లపాటు ఒక నిధి తరఫున దరఖాస్తులు చదివే బాధ్యత నాకు ఉండేది. వాటిలో ఎక్కువ భాగం ‘చిన్ననాటి నుంచి ప్రజాసేవ నా ఆశయం’ అన్న వాక్యంతో మొదలయ్యేవి, పదో దరఖాస్తుకు వచ్చేసరికి ఎవరు రాసింది ఏదో గుర్తుండేది కాదు. మీరు నాకు రాసిన ఉత్తరంలో మాత్రం దోమతెరల గురించిన ఆ రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి మారుమూల ఊళ్లలో మలేరియా కోసం ‘దమన్’ అనే కార్యక్రమం నడుపుతోంది. జ్వరం ఉన్నా లేకపోయినా ఊరంతటికీ రక్తపరీక్షలు చేయడం, తెరలు పంచడం అందులో భాగాలు. తెర ఇంట్లో ఉండి మనిషి కొండమీద ఉంటే ఏం చేయాలన్నది పుస్తకంలో దొరకని ప్రశ్న, అది మీకు దొరికింది. దాన్నే రాయండి. ఎన్ని ఊళ్లు మీ కిందికి వస్తాయి, ఏ నెలల్లో కాపలా గుడిసెలకు వెళతారు, మీరు అడిగినప్పుడు వారు చెప్పిన కారణాలు ఏమిటి, వాటిని తేల్చడానికి మీకు తెలియని విద్య ఏది, ఆ విద్య ఎంపీహెచ్‌లో ఏ పాఠంలో దొరుకుతుంది అన్నవి వరుసగా, మీ రిజిస్టరు ముందు పెట్టుకుని రాయండి. లేనిది ఒక్క అంకె కూడా చేర్చకండి, ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.

సవర మాట్లాడగలనన్న సంగతిని మీరు ఉత్తరంలో ఏదో పక్కమాటలా రాశారు. దరఖాస్తులో మాత్రం దాన్ని ముందుకు తీసుకురండి. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవర గిరిజనుల పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తపించిన గిడుగు రామమూర్తి పంతులుగారి ప్రాంతం మనది. మాట తెలియకుండా మనిషిని తెలుసుకోలేమని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ ఎక్కడో ముంబైలోనో లండన్‌లోనో కూర్చున్న ఎంపిక సంఘానికి అది చెప్పాలి. ఇంగ్లీషు విషయానికి వస్తే, చిన్న వాక్యాలలో తప్పులు లేకుండా రాస్తే చాలు. వేరెవరి చేతనో రాయించుకున్న పెద్ద మాటల ఇంగ్లీషు ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాలలోనే బయటపడుతుంది.

మనవంటి మరొక సరిహద్దు జిల్లా, సిరొంచ వైపు తెలుగువారు ఎక్కువగా ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి, ఈ చదువు ఊరికి ఎలా తిరిగి వస్తుందో చూపించింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1984లో జాన్స్ హాప్కిన్స్‌లో ఎంపీహెచ్ పూర్తి చేసి, 1986లో గడ్చిరోలిలో ‘సెర్చ్’ సంస్థను ప్రారంభించారు. ఊరి మహిళలకే శిక్షణ ఇచ్చి, పసికందులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందేలా 39 గ్రామాలలో చేసిన ప్రయత్నం వల్ల నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించారు. ఆశా కార్యకర్తలు నేడు పుట్టిన బిడ్డను చూడడానికి ఇంటికి వెళ్లే పద్ధతికి ఆధారం అక్కడే ఉంది. వారు అమెరికా వెళ్లకముందే పల్లెలలో పనిచేసి, తమ ప్రశ్నలను వెంట తీసుకుని వెళ్లారన్నది మీరు గమనించవలసిన విషయం.

ఎక్కడ చదవాలన్నది కూడా డబ్బుతో ముడిపడిన ప్రశ్నే. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ సెంటర్, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోనూ భువనేశ్వర్‌లోనూ ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, కలకత్తాలో నేను చెప్పిన సంస్థ, ఇవన్నీ పరిశీలించదగినవే. ఫీజు తక్కువగా ఉన్న ప్రభుత్వ సంస్థలో సీటు వస్తే మీకు కావలసింది హాస్టలు, మెస్సు ఖర్చు మాత్రమే, దానికి చిన్న నిధి కూడా సరిపోతుంది. ఫీజు ఎక్కువగా ఉన్నచోట సీటుతోపాటే ఫీజు రాయితీని అడగాలి. విదేశాలకైతే, ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు నాలుగేళ్ల డిగ్రీకి సమానమైన చదువు, మూడేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. మూడేళ్ల బీఎస్సీ చేసినవారికి ఇక్కడ చిక్కు వస్తుంది కానీ, మీ నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్లది. ఆ ఏడాదికి ప్రకటన వచ్చిందో లేదో ముందుగా చూసుకోండి. కొన్ని నిధులు వైద్యాన్ని, దానికి దగ్గరి చదువులను తమ పరిధిలో చేర్చవు, కాబట్టి అనుమతించే సబ్జెక్టుల జాబితా చదివిన తరువాతే మిగతా ఫారం నింపడం మంచిది. దరఖాస్తు పని మొదలుపెట్టడానికి కోర్సు ప్రారంభానికి ఏడాది ముందే సరైన సమయం.

చివరగా, నాకు జరిగినది చెబుతాను. నాకు స్కాలర్‌షిప్ ఇచ్చిన నిధి మంచిదే, కానీ మొదటి వాయిదా నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ నాలుగు నెలలూ మెస్సు మేనేజరు దయ మీద, అమ్మ అమ్మిన గాజుల మీద గడిచాయి. మీది కాంట్రాక్టు ఉద్యోగం కనుక చదువు సెలవు దొరుకుతుందన్న భరోసా లేదు, చేరిన రోజు నుంచి జీతం ఆగిపోతుందనే అనుకోవాలి. కనీసం మూడు నెలల తిండికి, అద్దెకు సరిపడా సొమ్ము ఇప్పటి నుంచే విడిగా దాచండి. ఎంపికైనట్లు ఉత్తరం రాగానే, మొదటి వాయిదా ఏ తేదీకి, ఎవరి ఖాతాలోకి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. అలా అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ప్రశ్న: అయ్యా, మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి విదేశంలో ఎంపీహెచ్ సీటు వచ్చేలా ఉంది. దాతల స్కాలర్‌షిప్ వస్తుందో రాదో తెలియదు. మా బంధువులు పాతపట్నంలో ఉన్నారు. అక్కడి చిరునామాతో నివాస పత్రం తీసుకుంటే ఆంధ్ర ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. చేయవచ్చా? (ఒక తండ్రి, పర్లాకిమిడి)

జవాబు: వద్దండీ. పాతపట్నం మీకు నడిచి వెళ్లేంత దూరమే కావచ్చు, మాటా పెళ్లిళ్లూ ఒకటే కావచ్చు, కానీ రాష్ట్ర ప్రభుత్వ పథకాలు ఆ రాష్ట్ర నివాసులకే. లేని నివాసాన్ని చూపిస్తే వచ్చిన సొమ్ము వెనక్కి కట్టవలసి రావడమే కాక, అబ్బాయి పేరు మీద మచ్చ మిగులుతుంది. కుల ధ్రువపత్రం విషయంలోనూ అంతే: షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివి, ఒక రాష్ట్రంలోని గుర్తింపు మరో రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ కేసు కూడా ఆంధ్రలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉండి మహారాష్ట్రలో చదవబోయిన ఒక తెలుగు విద్యార్థిదే.

ఒడిశా వారిగానే మీకు దారులు ఉన్నాయి. రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్ ఒకటి. మీరు షెడ్యూల్డు తెగకు చెందినవారైతే, విదేశీ చదువుకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 20 మందికి ఇచ్చే జాతీయ స్కాలర్‌షిప్ మరొకటి. దాతల నిధులలో చాలావాటికి నివాసంతో పనే ఉండదు, అవి ఆదాయాన్ని, పనిని చూస్తాయి. సరిహద్దువారికి నిజంగా ఎక్కువ మేలు చేసేవి అవే.

ప్రశ్న: మాకు బరంపురంలో బట్టల వ్యాపారం. ఈ మధ్యే కాలం చేసిన మా అమ్మ ఒకప్పుడు మా వీధిలో మంత్రసాని. ఆమె పేరు మీద పది లక్షలతో ప్రజారోగ్యం చదివే పిల్లలకు స్కాలర్‌షిప్ పెట్టాలనుకుంటున్నాను. ఎలా ఇస్తే బాగుంటుంది? (ఒక వ్యాపారి, బరంపురం)

జవాబు: మంత్రసాని పేరుమీద ప్రజారోగ్య స్కాలర్‌షిప్! ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు. మీ ఉత్తరం చదివి సంతోషించాను.

పది లక్షలను మూలధనంగా ఉంచి, ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏటా 70,000 రూపాయలు వస్తాయి. ఎక్కువ ఫీజులున్న చోట ఇది సముద్రంలో కాకిరెట్ట అవుతుంది. కాబట్టి ఫీజు జోలికి పోకుండా, ఫీజు తక్కువగా ఉన్న ప్రభుత్వ సంస్థలో ఒకే విద్యార్థికి మెస్సు ఖర్చుకు, పల్లెల్లో సర్వేకు తిరిగే బస్సు ఖర్చులకు ఇవ్వమని నా సలహా. పెద్ద దాతలు ఫీజు చూసుకుంటారు కానీ ఈ ఖర్చులను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, పేద పిల్లలు మధ్యలో ఆగిపోయేది ఇక్కడే. కోర్సు రెండేళ్లది కనుక ఒకరికి ఇస్తే రెండేళ్లూ ఇవ్వాలి. మొదటి ఏడాది ఇచ్చి రెండో ఏడాది వేరొకరికి మార్చడం మొదటివారిని నడివీధిలో వదిలేయడమే.

ఒప్పందంలో మూడు మాటలు తప్పనిసరిగా రాయించండి. సొమ్ము తరగతులు మొదలుకాక ముందే విద్యార్థి ఖాతాలో పడాలి. ఎందుకో పైన గుణుపురం అమ్మాయికి రాసిన జవాబులో ఉంది. మరో స్కాలర్‌షిప్ ఉందన్న కారణంతో దీన్ని ఆపకూడదు. ఎంపికలో మార్కులతోపాటు నర్సుగానో, ఆరోగ్య కార్యకర్తగానో పనిచేసిన అనుభవాన్ని చూడాలి. ఎంపిక మాత్రం సంస్థకే వదిలేయండి. చెక్కు ఇస్తూ ఫొటో దిగమని విద్యార్థిని కోరకండి, సాయం పొందే రోజున ఆ పిల్లలు ఎంత ముడుచుకుపోతారో నేను చూశాను.

పన్ను మినహాయింపు కావాలంటే, డబ్బు తీసుకునే సంస్థకు విరాళాల మీద పన్ను మినహాయింపుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు (80జీగా పేరుపడినది) ఉండాలి, మీరు పాత పన్ను విధానంలో ఉండాలి, రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇవ్వకూడదు. నేరుగా ఒక విద్యార్థి చేతికి ఇస్తే ఆ మినహాయింపు రాదు. విద్యార్థి వైపు మాత్రం చదువు ఖర్చుకు వచ్చే స్కాలర్‌షిప్ మీద ఆదాయపు పన్ను ఉండదు.

ప్రకటనలో అమ్మగారి పేరు కింద, ఆమె ఏ వీధిలో ఎన్నేళ్లు కాన్పులు చేశారో ఒక వాక్యం వేయించండి. సంస్థ పంపే ఒప్పందపు ముసాయిదాను సంతకం పెట్టకముందు పత్రిక చిరునామాకు పంపితే, చదివి నా అభిప్రాయం రాస్తాను.