తెరిచిన ఫైల్ కొత్త వెర్షన్‌కి మారిపోతే?

ప్రశ్న: భవనాలు డిజైన్ చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లోని మోడళ్ల నుంచి తలుపుల వివరాలు తీసే యాడ్-ఇన్ (రెవిట్‌కి జోడించే చిన్న ప్రోగ్రామ్) రాశాను. ఫోల్డర్‌లోని ఆర్‌వీటీ ఫైళ్లను (రెవిట్ మోడల్ ఫైళ్లు) ఒక్కొక్కటే తెరిచి, వివరాలు ఎక్సెల్‌లో రాసి, సేవ్ చేసి మూసేస్తుంది. మొన్న దాన్ని రెవిట్ 2025లో నడిపాను. అందులో 2023 ఫైళ్లూ ఉన్నాయి. ఇప్పుడు స్ట్రక్చరల్ టీమ్‌ వాళ్ల 2023లో అవి తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఫోల్డర్‌లో ఇంకేమీ నడపకండి. రెవిట్‌లో పాత వెర్షన్‌కి సేవ్ చేసే సదుపాయం లేదు కాబట్టి, మారిన ఫైల్‌ని వెనక్కి తేలేం. కానీ పాత ప్రతి అక్కడే ఉండి ఉండొచ్చు. మామూలు ఫైల్‌ని సేవ్ చేసినప్పుడు రెవిట్ అంతకుముందున్న దాన్ని పేరు చివర 0001, 0002 లాంటి అంకె చేర్చి పక్కనే ఉంచుతుంది. అలాంటివి మామూలుగా మూడే ఉంచుతుంది. యాడ్-ఇన్‌ని మళ్లీ మళ్లీ నడిపితే మీకు కావాల్సినదే ఎగిరిపోతుంది. ఆ బ్యాకప్‌ని వేరే చోటికి కాపీ చేసి, 2023లోనే తెరిచి చూడండి.

మీ బాధ నాకు బాగా తెలుసు. నేను మొదట్లో రాసిన ఒక యాడ్-ఇన్ రాత్రికి రాత్రే ఫ్యామిలీ లైబ్రరీ (మోడళ్లలో వాడే తలుపులు, కిటికీల లాంటి భాగాల ఫైళ్లు) మొత్తాన్ని అప్‌గ్రేడ్ చేసేసింది. పొద్దున వెళ్లేసరికి పాత వెర్షన్‌లో పనిచేసేవాళ్లెవరికీ ఒక్క తలుపు కూడా లోడ్ కావడం లేదు. అప్పటి నుంచి లైబ్రరీని, వాడుకలో ఉన్న అన్నిటికన్నా పాత వెర్షన్‌లోనే ఉంచుతున్నాను. కొత్త రెవిట్ దాన్ని ఎలాగూ తీసుకుంటుంది.

ఇక కోడ్ సంగతి. అసలు మీరు సేవ్ ఎందుకు చేస్తున్నారు? మీకు కావాల్సింది చదవడమే కదా! పాత ఫైల్‌ని తెరిచినప్పుడు జరిగే అప్‌గ్రేడ్ మెమరీలోనే ఉంటుంది, సేవ్ చేస్తేనే డిస్క్ మీదికి వస్తుంది. సేవ్ లైన్ తీసేయండి, క్లోజ్‌కి ఫాల్స్ ఇవ్వండి (అంటే సేవ్ చేయకుండా మూయమని). మీ సమస్యలో ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతుంది.

మిగతా పావు వంతుకి, తెరవకముందే వెర్షన్ చూసుకోవాలి. ఆర్‌వీటీ లోపల బేసిక్‌ఫైల్‌ఇన్ఫో అనే చిన్న భాగం ఉంటుంది, ఏ వెర్షన్‌లో సేవ్ అయిందో అందులో రాసి ఉంటుంది. రెవిట్ ఏపీఐలో (యాడ్-ఇన్ కోడ్ రెవిట్‌తో మాట్లాడే మార్గం) అదే పేరున్న క్లాస్‌ ఉంది. దాని ఎక్స్‌ట్రాక్ట్‌కి ఫైల్ పాత్ ఇస్తే, మోడల్‌ని తెరవకుండానే ఆ వివరాలు వస్తాయి. అందులోని ఫార్మాట్ విలువని, నడుస్తున్న రెవిట్ వెర్షన్ నంబర్‌తో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే ఫైల్‌ని వదిలేసి, పేరు లాగ్‌లో రాయండి. పాడైన ఫైల్ తగిలితే ఎర్రర్ వస్తుంది కనుక ట్రై-క్యాచ్ (ఎర్రర్‌ని పట్టుకునే కోడ్) తప్పనిసరి.

అలా వదిలేసిన 2023 ఫైళ్ల కోసం యాడ్-ఇన్‌ని 2023కి కూడా విడిగా బిల్డ్ చేసుకోండి. యాడ్-ఇన్‌లు నడిచే ఆధారం రెవిట్ 2024 దాకా డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, 2025లో డాట్‌నెట్ 8, కాబట్టి ఒకే డీఎల్ఎల్‌తో (బిల్డ్ చేస్తే వచ్చే ఫైల్) రెండు చోట్లా నెట్టుకురావాలని చూడకండి. కోడ్ ఒకటే ఉంచి, తేడా ఉన్న చోట కండిషనల్ కంపైలేషన్ (వెర్షన్‌ని బట్టి ఆ భాగం కోడ్‌నే బిల్డ్‌లో చేర్చడం) వాడండి. అలాంటి తేడా ఎక్కువగా తగిలేది ఎలిమెంట్ ఐడీ (మోడల్‌లోని ప్రతి వస్తువుకీ ఉండే నంబర్) దగ్గర. 2024 నుంచి అది 64 బిట్ అయింది, పాత ఇంటీజర్‌వాల్యూ స్థానంలో వాల్యూ వచ్చింది. ఎక్సెల్‌లో తలుపుని గుర్తుపట్టడానికి ఐడీ రాస్తుంటే, దాని బదులు యూనిక్ ఐడీ రాయండి.

ఇదంతా మార్చాక, ఒక 2023 ఫైల్ కాపీ తీసుకుని 2025లో యాడ్-ఇన్ నడపండి. ఫైల్ పేరు లాగ్‌లోకి రావాలి, దాని మాడిఫైడ్ టైమ్ ఒక్క సెకను కూడా మారకూడదు. అది చూసుకున్నాకే అసలు ఫోల్డర్ జోలికి వెళ్లండి.